క్యాథెటర్ మీది పాచి, వెండి నానోకణాలు: ప్లేటులో కనిపించిన ఫలితం రోగి దగ్గర ఎందుకు నిలవడం లేదు?

గోదావరి_తీరం

అందరికీ నమస్కారం. నేను రాజమహేంద్రవరంలో ఎం.ఎస్సీ. మైక్రోబయాలజీ చివరి సంవత్సరం చదువుతున్నాను. వేపాకు కషాయంతో వెండి నానోకణాలు (కంటికి కనిపించనంత సూక్ష్మమైన వెండి రేణువులు) తయారుచేసి, మూత్రనాళంలో పెట్టే క్యాథెటర్ గొట్టాల నుంచి వేరుచేసిన సూడోమోనాస్ ఎరుజినోసా అనే బాక్టీరియా కట్టే బయోఫిల్మ్ (పాచి) మీద వాటి ప్రభావాన్ని పరిశీలించడం నా ప్రాజెక్టు. 96 గుంటల ప్లేటులో క్రిస్టల్ వయొలెట్ రంగు వేసి చూస్తే, నానోకణాలు కలిపిన గుంటలలో రంగు బాగా తగ్గింది. ఆ ఫలితం ఆధారంగా "ఈ కణాలను క్యాథెటర్ పూతగా వాడవచ్చు" అని ముగింపులో రాసుకున్నాను.

మా గైడ్ ఆ వాక్యం కింద గీత గీసి, బ్రిటన్‌లో వేలమంది రోగుల మీద వెండి పూత క్యాథెటర్లను పరీక్షించారనీ, వాటివల్ల ప్రయోజనం కనిపించలేదనీ, ముందు దానికి కారణం తెలుసుకుని ఆ తరువాత ముగింపు రాయమనీ చెప్పారు. లోపం వెండిలో ఉన్నదా, బయోఫిల్మ్ స్వభావంలో ఉన్నదా, లేక మేము చేసే పరీక్షలోనే ఉన్నదా? ఈ రంగంలో పనిచేసినవారు వివరించగలరని కోరుతున్నాను.

సూక్ష్మదర్శిని

తీరం గారూ, మూడింటిలోనూ కొంత కొంత ఉంది. నేను బాక్టీరియాతో పనిచేసేవాడిని కనుక బయోఫిల్మ్ నుంచి మొదలుపెడతాను.

బయోఫిల్మ్‌కు మన ఇళ్ళలో ఎప్పటినుంచో ఉన్న పేరు పాచి. పొద్దున్నే పళ్ళ మీద ఉండేదీ, నీళ్ళ తొట్టి గోడకు జారుడుగా పట్టేదీ అదే. 1680లలో లేవెన్‌హుక్ తన పళ్ళ పాచిని కటకం కింద చూసి, అందులో కదులుతున్న జీవులను వర్ణిస్తూ లండన్ రాయల్ సొసైటీకి ఉత్తరాలు రాశాడు. వెనిగర్‌తో పళ్ళు కడుక్కున్నప్పుడు పాచికి పైన ఉన్న జీవులు మాత్రమే చచ్చాయని కూడా ఆయన గమనించాడు. మీ గైడ్ అడిగిన ప్రశ్నకు బీజం ఆ పరిశీలనలోనే ఉంది. పైపొరను చంపడం ఒక పని, లోపలివరకు చేరడం మరొక పని.

పాచిలో బాక్టీరియా విడివిడిగా ఈదవు. తాము స్రవించిన జిగురులో కూరుకుని ఉంటాయి. ఆ జిగురులో చక్కెర గొలుసులు, ప్రొటీన్లు, చచ్చిన కణాల నుంచి బయటపడిన డీఎన్ఏ కలిసి ఉంటాయి. డీఎన్ఏ అందులో ఊరికే చేరిన చెత్త కాదని 2002లో తేలింది. డీఎన్ఏను కోసే ఎంజైమును చేర్చితే సూడోమోనాస్ లేత బయోఫిల్మ్ కరిగిపోయింది. పైన ఉన్న కణాలు ఆక్సిజన్‌నూ ఆహారాన్నీ వాడుకోగా అడుగున ఉన్నవాటికి అవి సరిగా అందక, పెరుగుదల దాదాపు ఆగిపోతుంది. పెరిగే కణం మీద పనిచేసే యాంటీబయాటిక్‌కు పెరగని కణం దొరకదు. 1944లో జోసెఫ్ బిగ్గర్, పెన్సిలిన్ వేసిన తరువాత కూడా మిగిలిపోయిన కొద్దిపాటి స్టాఫిలోకాకస్ కణాలను తిరిగి పెంచి చూస్తే, వాటి సంతతి మళ్ళీ పెన్సిలిన్‌కు లొంగింది. అంటే అవి నిరోధకత సంపాదించుకున్నవి కావు, దాడి జరుగుతున్నంతసేపు నిద్రాణంగా ఉన్నవి. పాచిలో అలాంటివి ఎక్కువగా ఉంటాయి కనుకనే, స్వేచ్ఛగా ఈదే బాక్టీరియాను చంపే మోతాదుకు పది నుంచి వెయ్యి రెట్లు వేసినా కొన్ని బయోఫిల్మ్‌లు నిలుస్తాయి.

ఇక మీ పరీక్ష. క్రిస్టల్ వయొలెట్ బతికిన కణానికీ, చచ్చిన కణానికీ, జిగురుకూ ఒకే తీరుగా పడుతుంది. రంగు తగ్గితే ఉపరితలానికి అంటుకున్న పదార్థం మొత్తం తగ్గిందని మాత్రమే అర్థం. ఎన్ని చచ్చాయో అది చెప్పదు. మరొక ముఖ్యమైన ప్రశ్న: మీరు నానోకణాలను బాక్టీరియాతో పాటే మొదట కలిపారా, లేక పాచి కట్టిన తరువాత కలిపారా? మొదటే కలిపితే మీరు చూసినది పాచి కట్టకుండా ఆపడం. కట్టినదానిని కరిగించడం అంతకన్నా ఎంతో కష్టం. చాలా ప్రాజెక్టు నివేదికలలో ఈ రెండూ ఒకే శీర్షిక కింద కలిసిపోయి ఉండటం చూసి నేను చాలా బాధపడ్డాను.

గోదావరి_తీరం

మొదటే కలిపాము సార్. ఈ తేడా ఇంత పెద్దదని నాకు ఇప్పుడే అర్థమైంది.

వార్డు_పక్కన

నేను యూరాలజీ వైద్యుడిని. మీ గైడ్ చెప్పిన పరిశోధన 2012లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. బ్రిటన్‌లోని 24 ఆసుపత్రులలో, కొద్ది రోజుల కోసం క్యాథెటర్ అవసరమైన 7,102 మందిని మూడు వర్గాలుగా విభజించారు. మామూలు క్యాథెటర్ పెట్టినవారిలో 12.6 శాతం మందికి, వెండి మిశ్రమం పూత ఉన్నది పెట్టినవారిలో 12.5 శాతం మందికి లక్షణాలతో కూడిన మూత్రనాళ ఇన్‌ఫెక్షన్ వచ్చింది. నైట్రోఫ్యూరజోన్ అనే మందు నింపిన క్యాథెటర్ పెట్టినవారిలో అది 10.6 శాతం. ఆ చిన్న తగ్గుదల కూడా చికిత్సలో మార్పు తేదగినంత లేదని పరిశోధకులు తేల్చారు.

అయితే ఇక్కడ ఒక సంగతి న్యాయంగా చెప్పాలి. అది వెండి మిశ్రమం పూత, మీరు తయారుచేస్తున్న నానోకణాలు కావు. కాబట్టి "నానో వెండి ఓడిపోయింది" అని ఆ పరిశోధనను ఉదహరించడం సరికాదు. అలాగే వెండి ఎక్కడా పనిచేయలేదనడం కూడా సరికాదు. 2008లో వచ్చిన మరొక పెద్ద పరిశోధనలో, వెంటిలేటర్ మీద 24 గంటలకు మించి ఉన్న రోగులలో వెండి పూత శ్వాసగొట్టం వాడినప్పుడు న్యుమోనియా 7.5 శాతం నుంచి 4.8 శాతానికి తగ్గింది. మరణాలలో, ఐసీయూలో గడిపిన రోజులలో మాత్రం తేడా రాలేదు.

క్యాథెటర్ దగ్గర వెండికి ఉన్న ఇబ్బంది మాకు రోజూ కళ్ళ ఎదుట కనిపిస్తుంది. క్యాథెటర్ ఉన్న ప్రతి రోజుకూ మూత్రంలో బాక్టీరియా చేరే అవకాశం 3 నుంచి 7 శాతం. నెల రోజులు ఉంచితే దాదాపు అందరిలోనూ చేరుతుంది. వాటిలో ప్రొటియస్ మిరాబిలిస్ ఉంటే కథ మారిపోతుంది. దాని యూరియేజ్ ఎంజైము మూత్రంలోని యూరియాను అమ్మోనియాగా విడగొట్టడంతో మూత్రం క్షారంగా మారి, మెగ్నీషియం, కాల్షియం ఫాస్ఫేట్ స్ఫటికాలు అవక్షేపమై గొట్టానికి పట్టుకుంటాయి. పళ్ళ పాచి గట్టిపడి గార అయినట్లే ఇక్కడా గార కడుతుంది. కార్డిఫ్ పరిశోధకులు ఈ గారను పొరలుపొరలుగా పరిశీలించి, అనేక సందర్భాలలో మొదట పునాదిగా ఏర్పడేది స్ఫటికాల పొర అనీ, బాక్టీరియా దాని మీద కాపురం పెడతాయనీ చూపారు. అంటే అవి వెండిని తాకవలసిన అవసరమే లేదు. పూతలో ఎంత మంచి నానోకణం ఉన్నా దాని మీద సున్నం పూసినట్లు స్ఫటికం కప్పేసిన తరువాత ఆ కణం ఎవరిని చంపుతుంది?

మీ ప్లేటులో ఉన్నది పోషక ద్రవం. అందులో యూరియా లేదు, స్ఫటికాలు రావు, ప్రవాహం లేదు. రోగి శరీరంలో గొట్టం పెట్టిన కొద్ది సేపటికే ప్రొటీన్లు దాని మీద పొరగా పరుచుకుంటాయి. ఆ పొర కూడా మీ ప్లేటులో లేదు. సామర్లకోట రైల్వే జంక్షన్ అంత రద్దీ ఉన్న చోట ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి ఖాళీ హాలులో పరీక్ష చేసినట్లు ఉంటుంది.

లోహ_రసాయనం

వెండి గురించి చెప్పవలసినది నేను చెబుతాను. నా వృత్తి లోహాల రసాయనశాస్త్రం.

వెండి నానోకణం బాక్టీరియాను గుచ్చి చంపుతుందన్న బొమ్మ చాలా వ్యాసాలలో కనిపిస్తుంది. ప్రధానంగా పనిచేసేది కణం నుంచి విడుదలయ్యే వెండి అయాను, అంటే ధనావేశం గల వెండి పరమాణువు. అది ప్రొటీన్లలోని గంధకం ఉన్న థయాల్ సమూహాలను పట్టుకుని ఎంజైములను నిలిపివేస్తుంది, పొరను దెబ్బతీస్తుంది. 2012లో హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయం బృందం ఈ సంగతిని చాలా చక్కగా పరీక్షించింది. కణం నుంచి అయాను రావాలంటే వెండి ఆక్సీకరణం చెందాలి, దానికి ఆక్సిజన్ కావాలి. కనుక వారు ఆక్సిజన్ లేని వాతావరణంలో నానోకణాలను ఈ. కోలై మీద ప్రయోగించారు. అయాన్లు చంపే గాఢతకు కొన్ని వేల రెట్లు వేసినా బాక్టీరియా చావలేదు. ఈ దృష్టితో చూస్తే నానోకణం ఆయుధం కాదు, అయాన్ల గాదె. గాదెలో గింజలు ఉన్నా తలుపు తెరిచే ఆక్సిజన్ ఉండాలి.

ఇప్పుడు సూక్ష్మదర్శిని గారు చెప్పినదానిని దీని పక్కన పెట్టి చూడండి. పాచి అడుగున ఆక్సిజన్ అందదు. మందులకు లొంగని నిద్రాణ కణాలు ఉండేదీ అక్కడే. అంటే ఏ కణాలను చంపడం మనకు అత్యవసరమో అవి ఉన్న చోటనే వెండి నానోకణం అయాన్లను విడిచే శక్తి తక్కువగా ఉండవచ్చు. ఇది నా తార్కికమైన అంచనా. మీ ప్రాజెక్టులో దీనిని పరీక్షించగలిగితే ఎంతో విలువైన ఫలితం అవుతుంది.

విడుదలైన అయాను గమ్యం చేరడం కూడా సులువు కాదు. మూత్రంలో క్లోరైడ్ పుష్కలం, అది వెండిని సిల్వర్ క్లోరైడ్‌గా పట్టుకుంటుంది. ప్రొటీన్ల గంధకం మరికొంత పట్టుకుంటుంది. జిగురు సైతం ఋణావేశంతో ధనావేశపు అయాన్లను దారిలోనే ఆపుతుంది.

ప్రాజెక్టు కోసం మూడు విషయాలు. మొదటిది, అంతే పరిమాణం వెండి ఉన్న సిల్వర్ నైట్రేట్‌ను పక్క గుంటలలో తప్పక పెట్టండి. మీ కణం దానికన్నా మెరుగ్గా పనిచేయకపోతే "నానో" అనే మాటకు అర్థం లేదు. రెండవది, వెండి లేని వేపాకు కషాయాన్ని విడిగా పరీక్షించండి. వేపకే బాక్టీరియాను అడ్డుకునే గుణం కొంత ఉంది, ఆ పుణ్యాన్ని వెండి ఖాతాలో వేయకూడదు. మూడవది, కణాలను సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, కడిగి, పైద్రవాన్ని కూడా పరీక్షించండి. ద్రావణం గోధుమ రంగుకు మారడం, 400 నుంచి 450 నానోమీటర్ల మధ్య శోషణ శిఖరం కనిపించడం కణాలు ఏర్పడ్డాయని చెబుతాయి తప్ప, మారకుండా మిగిలిన సిల్వర్ నైట్రేట్ అందులో లేదని చెప్పవు.

గోదావరి_తీరం

సిల్వర్ నైట్రేట్ గుంటలు మేము పెట్టలేదు. కషాయం గుంటలు మాత్రం పెట్టాము, వాటిలో కూడా రంగు కొంత తగ్గింది. దానిని అంతగా పట్టించుకోనందుకు ఇప్పుడు విచారిస్తున్నాను. ఒక అనుమానం: బాక్టీరియా యాంటీబయాటిక్‌లకు అలవాటు పడినట్లు వెండికి అలవాటు పడవని ఒక పుస్తకంలో చదివాను. అది నిజమేనా?

సూక్ష్మదర్శిని

నిజం కాదు. ఆ మాట ఇంకా పుస్తకాలలో తిరుగుతూ ఉండటం ప్రమాదకరం. 1975లోనే బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి కాలిన గాయాల వార్డులో, సిల్వర్ నైట్రేట్‌కు లొంగని సాల్మొనెల్లా బయటపడి ముగ్గురు రోగులు మరణించారు, వార్డును మూసివేయవలసి వచ్చింది. ఆ బాక్టీరియాలోని ప్లాస్మిడ్ (విడిగా ఉండే చిన్న డీఎన్ఏ వలయం) మీద ఉన్న వెండి నిరోధక జన్యువులను 1999లో షికాగోలోని ఇలినాయ్ విశ్వవిద్యాలయం బృందం విడదీసి చూపింది. వాటిలో ఒకటి వెండిని పట్టి ఉంచే ప్రొటీనును, మరికొన్ని వెండిని బయటికి తోసే పంపులను తయారుచేస్తాయి.

నానోకణాలకు ప్రత్యేకమైన నిరోధకత ఇంకా ఆసక్తికరంగా ఉంటుంది. 2018లో చెక్ దేశంలోని ఒలోమౌత్స్ పరిశోధకులు ఈ. కోలై, సూడోమోనాస్‌లను తక్కువ మోతాదు వెండి నానోకణాలతో తరం తరువాత తరంగా పెంచారు. ఆ బాక్టీరియా తమ కశాభంలోని (ఈదడానికి వాడే తోకలోని) ఫ్లాజెల్లిన్ ప్రొటీనును ఎక్కువగా స్రవించి, నానోకణాలన్నీ ఒకదానికొకటి అతుక్కుని ముద్దలయ్యేలా చేశాయి. ముద్ద కట్టిన కణానికి నానో గుణం పోతుంది. విశేషమేమిటంటే, ఇందుకు జన్యువులలో మార్పు అవసరం కాలేదు. దానిమ్మ తొక్క సారంతో ఫ్లాజెల్లిన్ తయారీని అడ్డుకున్నప్పుడు కణాలు మళ్ళీ పనిచేశాయి. క్యాథెటర్ పూత నుంచి రోజుల తరబడి కొద్దికొద్దిగా వెండి కారుతూ ఉండటమంటే, ఆ ప్రయోగశాలలో బాక్టీరియాకు ఇచ్చిన శిక్షణను రోగి శరీరంలో ఇవ్వడమే కావచ్చు. పూతల గురించి రాసేవారు ఈ సంగతిని దాటవేయకూడదు.

దంతవైద్యం_వరంగల్లు

పాచి మాట వచ్చింది కనుక మా రంగంలోని ఒక పరిశోధనను చెప్పాలని ఉంది. రక్తహీనతకు సిరలోకి ఎక్కించే ఫెరుమాక్సిటాల్ అనే ఇనుప ఆక్సైడు నానోకణాల మందుకు అమెరికాలో 2009లో అనుమతి లభించింది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో హ్యూన్ కూ బృందం దానిని పళ్ళ పాచి మీద వాడి చూసింది. ఇనుప ఆక్సైడు కణాలు పెరాక్సిడేజ్ ఎంజైములా ప్రవర్తిస్తాయని 2007లో చైనా శాస్త్రవేత్తలు కనుగొన్నారు. పంటి మీద స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్ అనే బాక్టీరియా చక్కెరను ఆమ్లంగా మార్చిన చోట ఈ గుణం పెరుగుతుంది. కణం పాచిలోకి వెళ్ళి కూర్చున్న తరువాత తక్కువ గాఢత గల హైడ్రోజన్ పెరాక్సైడుతో పుక్కిలిస్తే, అక్కడికక్కడే తీవ్రమైన ఫ్రీ రాడికల్స్ పుట్టి బాక్టీరియాను చంపడంతో పాటు జిగురును కూడా తెగగొడతాయి. 2018లో ఎలుకలలో పుచ్చు తగ్గినట్లు చూపారు. తరువాత 2021లో, మనుషులు నోటిలో పెట్టుకున్న అమరికలోని పంటి ఎనామెల్ ముక్కల మీద కూడా పరీక్షించారు.

నాకు ఇందులో నచ్చినది, పాచి తానే కల్పించుకున్న ఆమ్ల వాతావరణమే కణాన్ని మేల్కొల్పడం. ఆమ్లం లేని చోట అది ఇంచుమించు నిశ్శబ్దంగా ఉంటుంది. క్యాథెటర్ మీద దీనిని ప్రయత్నించలేమా?

లోహ_రసాయనం

వైద్యం గారూ, ఆ ఆలోచన అందమైనది, కానీ నేరుగా తరలించలేము. వార్డు గారు చెప్పినట్లు ప్రొటియస్ మూత్రాన్ని క్షారంగా మారుస్తుంది. మీ కణానికి కావలసిన ఆమ్లం అక్కడ దొరకదు. పైగా నోటిలో పుక్కిలించి ఉమ్మివేసే పెరాక్సైడును మూత్రాశయంలోకి పంపడానికి ఎంతో జాగ్రత్త కావాలి. నేర్చుకోవలసిన సూత్రం మాత్రం ఉంది: ఆ చోట పాచి రసాయనం ఎలా ఉందో ముందు కొలిచి, దానికి తగిన కణాన్ని వెతకాలి. క్షారాన్ని గుర్తించి మేలుకునే కణం క్యాథెటర్‌కు కావాలి.

వార్డు_పక్కన

ఇదే మాట నేను మరొక వైపు నుంచి చెబుతాను. కాలిన గాయాల మీద నానో స్ఫటికాల వెండి పట్టీలను చాలాకాలంగా వాడుతున్నాము. గాయం దగ్గర చచ్చిన కణజాలాన్ని, పాచిని ముందు మేమే గీకి తీసివేస్తాము. ఆ తరువాత పట్టీని కొన్ని రోజులకొకసారి మారుస్తాము కనుక గాదె మళ్ళీ నిండుతుంది. మూత్రాశయంలో ఉన్న గొట్టాన్ని గీకలేము, పూతను మళ్ళీ నింపలేము. వెండి ఒకటే అయినా, ఈ రెండు పరిస్థితులూ ఒకటి కావు. అనవసరమైన క్యాథెటర్‌ను ఒక రోజు ముందు తీసివేయడం వల్ల కలిగే మేలుతో ఏ పూతనైనా పోల్చి చూడాలని నేను కోరుకుంటాను.

ఔషధ_రూపకల్పన

ఆలస్యంగా చేరుతున్నాను, క్షమించండి. నేను హైదరాబాదులో లైపోసోమ్ (మందును లోపల దాచుకునే సూక్ష్మమైన కొవ్వు బుడగ) మందుల తయారీ విభాగంలో పనిచేస్తాను. ఇంతవరకు చర్చ అంతా తానే చంపే కణం గురించి జరిగింది. మందును మోసుకుపోయే కణం మరొక దారి.

అమికాసిన్ ధనావేశం గల యాంటీబయాటిక్ మందు, సూడోమోనాస్ జిగురులోని ఋణావేశపు ఆల్జినేట్ (ఒక రకం చక్కెర గొలుసు), డీఎన్ఏ దానిని దారిలోనే పట్టివేస్తాయి. అదే మందును సుమారు 300 నానోమీటర్ల, ఏ ఆవేశమూ లేని లైపోసోమ్‌లో దాచితే జిగురుకు పట్టు దొరకదు. ప్రయోగశాలలో ఆ లైపోసోమ్‌లు సూడోమోనాస్ బయోఫిల్మ్ లోపలికి చొచ్చుకుపోయినట్లు చూశారు. పీల్చే రూపంలో ఉన్న ఈ మందుకు 2018లో అమెరికాలో అనుమతి వచ్చింది. అయితే అది సూడోమోనాస్‌కు కాదు. మైకోబాక్టీరియం ఏవియం సముదాయం అనే బాక్టీరియా వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు ఇతర మందులకు లొంగనివారి కోసం ఇచ్చారు. 336 మంది మీద జరిగిన పరీక్షలో, ఆరో నెలకల్లా కఫంలో బాక్టీరియా కనిపించని స్థితికి వచ్చినవారు పాత మందులు మాత్రమే తీసుకున్నవారిలో 8.9 శాతం, దీనిని కూడా చేర్చినవారిలో 29 శాతం. ఆ బాక్టీరియా మన శరీరంలో క్రిములను మింగే మాక్రోఫేజ్ కణాలలో కూడా దాక్కుంటుంది, లైపోసోమ్‌లు అక్కడికీ వెళ్తాయి. అందువల్ల ఈ ఫలితాన్ని బయోఫిల్మ్‌పై సాధించిన విజయంగా మాత్రమే చెప్పుకోవడం తప్పు.

తీరం గారి కణాల విషయంలో పరిమాణంతో పాటు పైపూత ఆవేశాన్ని, అంటే జీటా పొటెన్షియల్‌ను తప్పక కొలవమని నా సలహా. అది కూడా నీళ్ళలో కాదు, పరీక్ష చేసే ద్రవంలోనే కొలవాలి. స్వచ్ఛమైన నీటిలో విడివిడిగా ఉన్న కణాలు, లవణాలు ఉన్న ద్రవంలో నిమిషాలలో ముద్ద కట్టడం మేము తరచుగా చూస్తాము.

గోదావరి_తీరం

ఇంత ఓపికగా వివరించినందుకు అందరికీ కృతజ్ఞతలు. ఈ రోజు మా గైడ్‌తో కూర్చుని పథకాన్ని ఇలా మార్చుకున్నాము. పోషక ద్రవానికి బదులు యూరియా, క్లోరైడ్ ఉన్న కృత్రిమ మూత్రంలో, ప్లేటు గుంటలలో కాక సిలికోన్ క్యాథెటర్ ముక్కల మీద, ముందు రెండు రోజులు పాచి కట్టనిచ్చి ఆ తరువాతనే నానోకణాలు వేస్తాము. పక్కన సమాన పరిమాణం వెండి గల సిల్వర్ నైట్రేట్, వెండి లేని వేపాకు కషాయం, కడిగిన కణాల పైద్రవం ఉంటాయి. రంగుకు బదులు బతికిన కణాలను లెక్కిస్తాము. మా కళాశాలలో ఆక్సిజన్ లేకుండా పెంచే జార్ ఒకటి ఉంది కనుక లోహ_రసాయనం గారు చెప్పిన పోలికను కూడా ప్రయత్నిస్తాము. "క్యాథెటర్ పూతగా వాడవచ్చు" అన్న వాక్యాన్ని కొట్టివేశాను.

సూక్ష్మదర్శిని

చాలా సంతోషం. రెండు జాగ్రత్తలు చెప్పి ముగిస్తాను. పాచిని సోనికేటర్‌తో (ధ్వని తరంగాలతో కదిపే పరికరంతో) విడదీసి అగార్ (బాక్టీరియాను పెంచే గట్టి పదార్థం) మీద పరిచే ముందు, సోడియం థయోగ్లైకోలేట్‌తో వెండిని తప్పనిసరిగా తటస్థం చేయండి. లేకపోతే ద్రవంతో పాటు వచ్చిన వెండి అగార్ మీద కూడా బాక్టీరియాను అణచివేసి, క్యాథెటర్ మీద బతికే ఉన్నవాటిని చచ్చినట్లు చూపుతుంది. ఆ తటస్థకారి ఒక్కటే బాక్టీరియాకు హాని చేయడం లేదని చూపే గుంట కూడా పెట్టుకోండి.

రెండవది, మీ దగ్గర ఉన్న క్యాథెటర్ మాదిరులలో సూడోమోనాస్‌ను మాత్రమే వేరుచేశారు. ఆ ప్లేట్లు ఇంకా ఫ్రిజ్‌లో ఉంటే, అగార్ మీద అలలుఅలలుగా పాకిన పెరుగుదల ఎక్కడైనా ఉందేమో ముందు చూడండి. అది ప్రొటియస్ అయితే మీ కృత్రిమ మూత్రంలో వేయవలసిన మొదటి బాక్టీరియా అదే.